హాస్టల్లో ఏడిపిస్తున్నారు, పాప టారో కార్డులు పట్టుకుంది: లాగేసుకోవద్దండి

మీ పోస్టు రెండు సార్లు చదివానండి. పాప ఇంటర్ ఫస్టియర్ బైపీసీ, హాస్టల్లో రూమ్మేట్స్ ఒంటి రంగు మీద పేరు పెట్టి పిలుస్తున్నారు, బకెట్ దాచేస్తున్నారు, మెస్‌లో తను వచ్చి కూర్చుంటే లేచి వేరే బల్ల దగ్గరికి పోతున్నారు, దసరా సెలవులకి ఇంటికొస్తే ట్రంకు పెట్టెలో బట్టల కింద టారో డెక్ (జోస్యం చెప్పడానికి వాడే బొమ్మల కార్డుల కట్ట) కనపడింది, రోజూ రాత్రి "రేపు నన్ను వదిలేస్తారా" అని కార్డు తీస్తోందట, మూడు రోజులు వరసగా కత్తుల బొమ్మలే వచ్చాయని అన్నం సరిగ్గా తినట్లేదు. మీరు అడిగింది రెండు: ఆ కార్డులు లాగేసుకోవాలా, లేకపోతే తెలిసినవాళ్ళ చేత సరిగ్గా ఒక రీడింగ్, అంటే కార్డులు తీయించి జోస్యం చెప్పించడం, చేయించాలా అని.

లాగేసుకోవద్దు, రీడింగూ వద్దు. పాప వాటిని అడుగుతున్న ప్రశ్న మారాలి, అది మీరు పక్కన కూర్చుంటే ఒక సాయంత్రంలో అయ్యే పని.

నేను విశాఖలో ఒక స్కూల్లో తొమ్మిదేళ్ళు స్టూడెంట్ కౌన్సెలర్‌గా చేసాను, టారో కార్డులు పట్టుకుని పదమూడేళ్ళయింది, భవిష్యత్తు చెప్పడానికి ఎప్పుడూ వాడలేదు, పిల్లల చేత మాట్లాడించడానికే వాడాను. పదిహేనేళ్ళ పిల్లని ఎదురుగా కూర్చోబెట్టి ఏమైందమ్మా అని అడగండి, ఏం లేదు అంటుంది. అదే ఒక బొమ్మ ముందు పెట్టి ఇందులో ఏం జరుగుతోంది అని అడిగితే పది నిమిషాలు చెప్తుంది, అందులో సగం తన సంగతే ఉంటుంది. నా మీద ఇలా జరిగింది అని నోటితో అనడం చాలా కష్టం అండి, సిగ్గేస్తుంది, చెప్తే అమ్మ ఏడుస్తుందని భయం, వార్డెన్‌కి తెలిస్తే ఇంకా ఎక్కువ చేస్తారని భయం. బొమ్మ మీద వేలు పెట్టి చూపించడం దాని కన్నా చాలా తేలిక.

ముందు ఆ కత్తుల సంగతి. డెక్‌లో మొత్తం 78 కార్డులు, 22 పెద్ద కార్డులు అని పిలిచేవి (డెత్ లాంటివి), మిగతా 56 నాలుగు రకాలు, రకానికి 14, అందులో ఒక రకం కత్తులు. అంటే ఎవరు కలిపి తీసినా ఐదారు సార్లకి ఒకసారి కత్తి రావాల్సిందే. ఇంకో విషయం, కొత్త డెక్ పెట్టెలో వరసగా సర్ది వస్తుంది, కత్తులు పద్నాలుగూ ఒకే చోట ఉంటాయి. మామూలు పేక ముక్కల కంటే ఇవి పెద్దవి, చిన్న చేతులతో మంచం మీద దుప్పటి కింద కూర్చుని ఎవరూ చూడకుండా కలిపితే సరిగ్గా కలవవు, గుంపులు గుంపులుగానే ఉండిపోతాయి, ఆ గుంపులో చెయ్యి పడితే వరసగా అవే వస్తాయి. ఇది పాపకి నేల మీద కూర్చుని చేసి చూపించండి, మాటలతో చెప్తే నమ్మదు.

ఇవి ఎక్కడివో కూడా చెప్పండి, భయం ఇంకొంచెం తగ్గుతుంది. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో పేకాట ఆడుకోడానికి చేసుకున్న ముక్కలివి, మనం రమ్మీ ఆడినట్టు. ఆ తర్వాత 1781లో ఫ్రాన్స్‌లో కూర్ ద జెబెలాఁ అనే ఆయన ఇవి పాతకాలపు ఈజిప్టు జ్ఞానం అని రాసాడు, దానికి ఆధారమే లేదు, కానీ జాతకం చెప్పే వాడకం బాగా పాకింది ఆ రోజుల నుంచే. మీరు చెప్పిన గుర్తుల్ని బట్టి పాప దగ్గరున్నది 1909లో లండన్‌లో రైడర్ కంపెనీ వేసిన డెక్కే, ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరికే కాపీలు ఎక్కువ శాతం దానివే. ఆర్థర్ వెయిట్ అనే రచయిత చేయించాడు, బొమ్మలన్నీ గీసింది పమేలా కోల్మన్ స్మిత్ అనే ఆవిడ. అంతకు ముందు చాలా డెక్కుల్లో ఐదు కత్తులంటే ఐదు కత్తుల గుర్తులే ఉండేవి, మనుషులు ఉండేవాళ్ళు కాదు. ఆవిడ నాటకాల వాళ్ళతో కలిసి పనిచేసిన మనిషి, అందుకేనేమో దాదాపు ప్రతి కార్డులో మనుషుల్ని పెట్టి స్టేజీ మీద సీన్‌లా గీసింది. అంత పని చేస్తే చాలా తక్కువ డబ్బులొచ్చాయని ఆవిడే ఒక ఉత్తరంలో రాసుకుంది పాపం. నాకు ఈ డెక్ మీద ఇష్టం ఆవిడ వల్లే, ఏడిపించేవాళ్ళని, ఏడ్చేవాళ్ళని, చూస్తూ ఊరుకునేవాళ్ళని అందరినీ గీసి పెట్టింది.

ఇక చేసే పద్ధతి. చిలక జోస్యం చూసే ఉంటారు కదా, చిలక పంజరంలోంచి వచ్చి ఒక కార్డు లాగుతుంది, జోస్యుడు చదువుతాడు, మనం చేతులు కట్టుకుని వింటాం. మీ పాప ఇప్పుడు చేస్తున్నది అదే, చిలక బదులు తన చెయ్యి, జోస్యుడి బదులు డబ్బాలో వచ్చిన చిన్న పుస్తకం. నేను దీన్ని పూర్తిగా తిరగేస్తాను. 78 కార్డులూ బొమ్మ పైకి కనపడేలా చాప మీద పరిచేస్తా, కళ్ళు తెరుచుకుని తనే చూసి ఏరుకోవాలి, ఏది వస్తుందో అనే భయానికి చోటే ఉండదు. మూడు ఏరుకోమంటా. హాస్టల్లో నువ్వు ఎలా ఉంటావో అలాంటిది ఒకటి, అక్కడ ఏం జరుగుతుందో అలాంటిది ఒకటి, మూడోది నీకు ఊపిరి ఆడే చోటు. అర్థాల పుస్తకం పక్కన పెట్టేయండి, ఫోన్‌లో మీనింగ్ వెతకనివ్వకండి. భయపెట్టే కార్డులు ముందే తీసి దాచేస్తారు కొంతమంది తల్లులు, అది కూడా వద్దు, తన లోపల ఉన్నది ఆ బొమ్మలో ఉంటే ఆ బొమ్మ చాప మీద ఉండాలి కదా. తను ఏరుకునేటప్పుడు మీరు ఏమీ అనకండి, ఇది కాదు అది తీసుకో అని అసలు అనకండి, ఇది తల్లులకి చాలా కష్టం అని నాకు తెలుసు.

ఏడిపించడం గురించి పిల్లలు ఎక్కువగా ఏరుకునేది ఫైవ్ ఆఫ్ స్వోర్డ్స్, అంటే ఐదు కత్తుల కార్డు. ముందు ఒకడు మూడు కత్తులు పట్టుకుని వెనక్కి చూసి నవ్వుతుంటాడు, రెండు కత్తులు కింద పడి ఉంటాయి, అవతల ఇద్దరు వెళ్ళిపోతుంటారు, చివరి మనిషి మొహం చేతుల్లో పెట్టుకుని ఉంటాడు, మబ్బులు చిరిగిన బట్టల్లా ఉంటాయి. అందరూ దీన్ని ఓటమి కార్డు అంటారు, నేను మాత్రం ఇందులో నువ్వెవరు అని అడుగుతా. ఒకసారి తొమ్మిదో తరగతి అబ్బాయి, వివరాలు మార్చి చెప్తున్నా, నవ్వేవాడినీ చూపించలేదు ఏడ్చేవాడినీ చూపించలేదు, మధ్యలో నడిచే మనిషి మీద వేలు పెట్టాడు. "వీడు నేను మేడం, వాడి దగ్గరికి వెళ్దామని ఉంది, వెళ్తే రేపట్నుంచి నన్ను కూడా మొదలుపెడతారు" అన్నాడు. క్లాసులో ఒక పిల్లాడిని నెలల తరబడి ఏడిపిస్తున్న సంగతి మాకు అలా తెలిసింది, ఏడుస్తున్న పిల్లాడు మాత్రం చివరిదాకా నోరు విప్పలేదు.

అందుకే మీ పాప ఈ కార్డు తీస్తే మధ్యలో మనిషి గురించి తప్పకుండా అడగండి. ఆ రూమ్‌లో నవ్వని అమ్మాయి ఎవరైనా ఉందా, నవ్వినా తర్వాత బాత్రూమ్ దగ్గర ఒక్కసారి పలకరించేది ఉందా. చాలాసార్లు ఉంటుంది. ఆ పిల్లకి ధైర్యం చాలదు, చెడ్డది కాదు, పాప తనంతట తాను ఒక పెన్ను అడిగినా ఒక నోట్స్ అడిగినా దారి మొదలవుతుంది.

ఇప్పుడు ఒకటి గట్టిగా చెప్పాలి. ఎయిట్ ఆఫ్ స్వోర్డ్స్ అని ఉంటుంది, ఒకమ్మాయి కళ్ళకి గంతలు, చేతులకి కట్లు, చుట్టూ ఎనిమిది కత్తులు నేలలో గుచ్చి ఉంటాయి, వెనకాల కొండ మీద కోట. రీడర్లు చాలామంది ఏం చెప్తారంటే, చూడు కట్లు వదులుగానే ఉన్నాయి, ముందు దారి ఖాళీగానే ఉంది, నీ బంధనం నీ మనసులోనే ఉంది, నువ్వు అనుకుంటే నడిచి బయటికి రావచ్చు అని. పెద్దవాళ్ళకి ఉద్యోగం విషయంలోనో ఇంకో దాంట్లోనో ఆ మాట పనికొస్తుందేమో. హాస్టల్లో నలుగురి మధ్య చిక్కుకున్న పదహారేళ్ళ పిల్లకి ఆ మాట చెప్పడం ఘోరం అండి, తప్పంతా మళ్ళీ ఆ పిల్ల నెత్తినే పెట్టినట్టు. ఎవరికి వాళ్ళు రెండు చేతులు వెనక్కి పెట్టి తాడు కట్టుకోలేరు. కాబట్టి అక్కడ అడగాల్సింది, ఈ అమ్మాయిని ఎవరు కట్టారు, వాళ్ళు బొమ్మలో ఎందుకు లేరు, ముందుగా ఏది విప్పాలి, కళ్ళగంతా చేతులకున్న తాడా, విప్పడానికి ఎవరిని పిలవాలి. ఒక పాప నాతో "ముందు కళ్ళకున్నది తీయాలి మేడం, ఎవరు నావైపు ఉన్నారో కనపడాలి కదా" అంది. నేను ఏ పుస్తకంలోనూ అంత మంచి అర్థం చదవలేదు.

రాత్రి మంచం మీద లేచి కూర్చుని మొహం కప్పుకున్న బొమ్మ, నైన్ ఆఫ్ స్వోర్డ్స్, తీస్తే నిద్ర గురించి అడగండి, ఎన్నింటికి మెలకువ వస్తోంది, లేచి ఏం చేస్తోంది అని. దాని తర్వాతది టెన్ ఆఫ్ స్వోర్డ్స్, మనిషి బోర్లా పడి వీపు మీద పది కత్తులు. ఈ కార్డుని గానీ డెత్ కార్డుని గానీ "నేను ఇది" అని ప్రశాంతంగా ముందుకి జరిపితే మాత్రం కార్డుల పని అక్కడితో ఆపేయండి. మెల్లగా, సూటిగా అడగండి, బతకాలని లేదు అనిపిస్తోందా అమ్మా అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమో అని భయపడతారు, అలా పుట్టదు, అడిగేవాళ్ళు ఉన్నారని తెలిస్తే బరువు దిగుతుంది. అవును అన్నా, తల ఊపినా, ఏమీ అనకుండా ఏడ్చినా ఒంటరిగా వదలకండి, ఆ రోజే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి, 14416కి ఫోన్ చేయండి, పగలూ రాత్రీ ఉంటారు, తెలుగులో మాట్లాడతారు, తర్వాత డాక్టర్ దగ్గరికి. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకి చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 కూడా ఉంది. ఈ ఒక్క విషయంలో రేపు చూద్దాం అనుకోకండి.

ఇక మూడో కార్డు, ఊపిరి ఆడే చోటు. నాకు అన్నిటి కంటే ముఖ్యం ఇదే. పిల్లలు ఇక్కడ ఎక్కువసేపు ఆగిపోతారు, కొంతమంది చోటు లేదు మేడం అని ఖాళీ చాప చూపిస్తారు.

నా సంగతి ఒకటి చెప్తా. మాది శ్రీకాకుళం వైపు పల్లెటూరు, ఇంటర్‌కి విజయవాడలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో వేసారు. మొదటి రోజే ఎవరో ఏదో అడిగితే "ఏటి" అన్నాను, రూమంతా నవ్వింది. వారం తిరిగేసరికి నా పేరే ఏటి అయిపోయింది, క్లాసులో లేచి జవాబు చెప్తే వెనకనుంచి నా యాసలోనే తిప్పి చెప్పేవాళ్ళు, లెక్చరర్ కూడా ఒకసారి నవ్వాడు. నేను మాట్లాడటం మానేసాను, రెండు నెలలు అవును కాదు తప్ప ఏమీ అనలేదు, ఇంటికి ఫోన్ చేసినా బాగున్నాను అని పెట్టేసేదాన్ని. అప్పుడు మెస్‌లో వంట చేసే ఒకావిడ, పలాస వైపు నుంచి బతకడానికి వచ్చినావిడ, నేను కంచం కడుగుతుంటే "ఏటమ్మా, సగం అన్నం ఒగ్గేసినావు" అంది. ఆ ఒక్క మాటకి అక్కడే నిలబడి ఏడ్చేసాను. తర్వాత రోజూ రాత్రి స్టడీ అవర్ మొదలయ్యేలోపు పది నిమిషాలు వంటింటి వెనక మెట్ల మీద కూర్చుని ఆవిడతో మా యాసలో మాట్లాడేదాన్ని. ఆవిడ ఎవరికీ కంప్లైంట్ చేయలేదు, నాకు సలహా చెప్పలేదు, నా మాట నా మాటలాగే విన్నది. ఆ మెట్ల వల్లే నేను రెండేళ్ళూ పూర్తి చేసాను.

చాలా ఏళ్ళ తర్వాత ఫైవ్ ఆఫ్ పెంటకిల్స్ కార్డు (నాణేల రకంలో ఐదోది) చూసినప్పుడు నాకు ఆ మెట్లే గుర్తొచ్చాయి. మంచు పడుతుంటుంది, చినిగిన బట్టలతో ఇద్దరు నడుస్తుంటారు, ఒకరు కర్రల మీద, వాళ్ళ పక్కనే చర్చి కిటికీ, రంగు అద్దాల్లోంచి లోపలి దీపం వెలుగు కనపడుతుంది. వాళ్ళు అటు చూడరు. ఆ బొమ్మలో కిటికీ ఉంది కానీ తలుపు గీయలేదు పమేలా. పిల్లల్ని నేను అడిగే ప్రశ్న అదే, తలుపు ఎటుపక్క ఉంటుందంటావు అని. లైబ్రరీ మేడం, తెలుగు సారు, పక్క రూమ్‌లో మన ఊరి అక్క, వారానికోసారి ఫోన్ చేసే పెదనాన్న, ఇలా ఏదో ఒకటి చెప్తారు. చాలామంది ఫ్రెండ్స్ పేర్లు చెప్తారని ఎదురుచూస్తాం గానీ ఒక్కళ్ళు చాలు. మీ పాప ఏమీ చెప్పలేకపోతే కంగారు పడకండి, బొమ్మ కింద ఒక కాయితం పెట్టి తలుపు గీయమనండి, అది ఎక్కడికి తెరుచుకుంటే బాగుంటుందో గీయమనండి, మాటల కంటే అది తొందరగా వస్తుంది.

సిక్స్ ఆఫ్ స్వోర్డ్స్ తీస్తే మాత్రం మీరు మనసు సిద్ధం చేసుకోవాలి. పడవ, నడిపేవాడు, ముసుగు కప్పుకున్న ఒకావిడ, పక్కన పిల్ల, పడవలోనే నిలబెట్టిన ఆరు కత్తులు, ఇటు నీళ్ళు అలలతో ఉంటాయి, అటు ప్రశాంతంగా. పిల్లలు దీన్ని ఏరుకుంటే చాలాసార్లు దాని అర్థం నన్ను అక్కడినుంచి తీసుకెళ్ళిపోండి అని. కట్టిన ఫీజు పోతుంది, చుట్టాలు ఏమంటారు, ఇంకొన్ని నెలలు ఓర్చుకో అని వెంటనే అనేస్తాం. ఆ రోజుకి అనకండి. టీసీ తీసుకుని డే స్కాలర్‌గా దగ్గర కాలేజీలో చేరిన పిల్లలు బాగా చదువుకోవడం నేను కళ్ళారా చూసాను. అయితే కత్తులు పడవలోనే ఉన్నాయి, కాలేజీ మారినా ఆ పేరు కొన్నాళ్ళు చెవిలో మోగుతూనే ఉంటుంది, అది కూడా పాపకి ముందే చెప్పండి, లేకపోతే నేను ఇక్కడికొచ్చినా బాగుపడలేదేంటి అని మళ్ళీ తననే తిట్టుకుంటుంది.

కార్డులతో చేయకూడనివి కొన్ని ఉన్నాయి. ఆ అమ్మాయిలు నా గురించి ఏమనుకుంటున్నారు అని కార్డు తీయడం మానిపించండి, వాళ్ళ బుర్రలో ఏముందో ఊహించుకుంటూ రాత్రిళ్ళు గడిపితే ఏడిపించడం కొనసాగినట్టే. ఆన్‌లైన్‌లో మీ అమ్మాయి మీద దృష్టి దోషం ఉంది, ఐదు వేలు పంపితే తీసేస్తా అనేవాళ్ళు ఈ పోస్టు చూసి మీకు మెసేజ్ చేస్తారు, బ్లాక్ చేయండి. అత్తగారు ఇవి దయ్యాల కార్డులు ఇంట్లో ఉండకూడదు అంటున్నారని రాసారు, ఆవిడని కూడా చాప మీద కూర్చోబెట్టి మీకు నచ్చిన బొమ్మ ఏది అత్తయ్యా అని అడగండి, మా ఇంట్లో అలాగే సర్దుకుంది.

బొమ్మల ముందు పాప చెప్పింది అక్కడితో వదిలేయకూడదు. ఆ రాత్రే ఒక నోట్‌బుక్‌లో తేదీ, ఎవరు, ఏమన్నారు, ఎవరు చూసారు అని రాయించండి, కార్డుల ఊసు అందులో వద్దు, జరిగింది మాత్రమే. సెలవులయ్యాక మీరూ వాళ్ళ నాన్నగారూ కలిసి వెళ్ళి ప్రిన్సిపాల్‌కి కాయితం మీద రాసి ఇవ్వండి, ఇంకో కాపీ మీద సంతకం తీసుకోండి. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది, అది సీనియర్లు జూనియర్లని ఏడిపించడం గురించే అనుకుంటారు అందరూ, కానీ ఒక విద్యార్థిని ఆటపట్టించి అవమానించడం, చిన్నబుచ్చడం కూడా అందులో శిక్ష ఉన్న నేరమే, హాస్టళ్ళు కూడా దాని కిందికే వస్తాయి, కంప్లైంట్ ఇచ్చాక పట్టించుకోని హెడ్ కూడా జవాబు చెప్పుకోవాలి. గొడవ పెట్టుకోమని కాదు, ఆ చట్టం పేరు మీ కాయితంలో ఒక లైను ఉంటే ఆడపిల్లలన్నాక ఇలాంటివి మామూలే అని పంపించేయరు. రూమ్ మార్చమని అడిగితే మార్చాల్సింది మీ పాపని కాదు, ఏడిపించేవాళ్ళని అని కూడా అడగండి, అయితే ముందు పాపకి ఏది ఇష్టమో కనుక్కుని.

ఇంకొక్కటి. డెక్ మొత్తం హాస్టల్‌కి పంపకండి. రూమ్మేట్స్ చూస్తే ఇప్పుడున్న పేరు చాలదని చేతబడి అని ఇంకో పేరు పెడతారు. అలాగని మీరు తీసి దాచేయొద్దు, పాపతో మాట్లాడి, తనే ఆ ఊపిరి ఆడే చోటు కార్డు ఒక్కటి తీసి బోటనీ పుస్తకం అట్ట లోపల పెట్టుకోమనండి, దాని వెనకాల చిన్న కాయితం మీద తను చెప్పిన మనిషి పేరు, మీ నంబరు, 14416 రాసి అతికించండి. మిగతా 77 బీరువాలో తన బట్టల కింద ఉంటాయి, మళ్ళీ సెలవులకి వచ్చినప్పుడు చాప మీద పరుచుకోవచ్చు. పాప ఏ మూడు తీసిందో వీలైతే ఇక్కడే రాయండి, నేను రోజూ రాత్రి చూస్తాను.